బోర్డు తీసేయమన్న అప్పచెల్లెళ్లు

ఆ ఇంటి గడప దగ్గర అమ్మ చెప్పులు విప్పేసింది.

"అమ్మా, ఇక్కడ ఎవరూ ఉండరు. చెప్పులతోనే వెళ్లొచ్చు" అన్నాను. మాకంటే ముందొచ్చిన కాలేజీ కుర్రాళ్లు బురద బూట్లతోనే లోపల టకటకా తిరుగుతున్నారు. "ఎవరో కాపురం చేసిన ఇల్లే కదేటి" అంటూ చెప్పులు రెండూ జతగా గోడవారగా పెట్టి, కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుని, కుడికాలు లోపల పెట్టింది. 2015 ఏప్రిల్ నాటి మాట ఇది. ఆ ట్రిప్పులో అమ్మకి నయాగరా చూపించాను, న్యూయార్క్ చూపించాను. ఊరెళ్లాక ఇరుగుపొరుగుకి ఆవిడ కూర్చోబెట్టి చెప్పింది మాత్రం ఈ ఇంటి గురించే. "ఐదుగురు అప్పచెల్లెళ్ల ఇల్లు" అని.

అప్పట్లో మేం టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో ఉండేవాళ్లం. అక్కడి తెలుగువాళ్లకి వీకెండ్ అంటే స్మోకీ కొండలే. ఎవరి అమ్మానాన్నలు వచ్చినా ప్రోగ్రామ్ ఒకటే. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకోవడం, పిజన్ ఫోర్జ్ ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం, గాట్లిన్‌బర్గ్‌లో కేబుల్ కారు ఎక్కడం, ఫొటోలు, వెనక్కి. నేనూ మొదటి వారం అమ్మని అలాగే తిప్పాను. ఆ దీపాలూ ఆ షాపులూ చూసి "మన తిరనాళ్లే గాని కొంచెం ఖరీదు" అని తేల్చేసింది. నాకు ఉసూరుమంది. ఆఫీసులో నా పక్క సీటావిడది ఆ జిల్లానే, సెవియర్ కౌంటీ. ఆవిడతో అంటే నవ్వి, "మీ అమ్మగారిని వాకర్ సిస్టర్స్ ఇంటికి తీసుకెళ్లు" అంది. అప్పటికి ఆ కొండల పక్కనే మూడేళ్లుగా ఉంటున్నాను. ఆ పేరు వినలేదు.

మెట్‌కాఫ్ బాటమ్స్ అనే పిక్నిక్ చోటు దగ్గర లిటిల్ రివర్ మీద వంతెన దాటి, ఒక కారు మాత్రమే పట్టే సందులాంటి రోడ్డులో వెళ్తే ఒక పాత బడి వస్తుంది. లిటిల్ గ్రీన్‌బ్రయర్ బడి. 1882లో ఊరివాళ్లే దుంగలు మోసుకొచ్చి కట్టుకున్నారు. వారమంతా పాఠాలు, ఆదివారం ప్రార్థన. 1936 దాకా పిల్లలు చదువుకున్నారు. పక్కనే చిన్న శ్మశానం. కొన్ని రాళ్లు మరీ చిన్నవి, మోకాలి ఎత్తు కూడా లేవు. అమ్మ వాటిని చూసి ఏమీ అడగలేదు. వాటి అర్థం ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

బడి దగ్గర కారాపి అక్కణ్ణుంచి ఒక మైలు పైచిలుకు నడవాలి. దారి వెడల్పుగానే ఉంటుంది, పక్కనే వాగు. దారి మొదట్లో ఎలుగుబంట్లు ఉంటాయని బోర్డు. నేను చదివి చెప్పి నాలిక్కరుచుకున్నాను, భయపడుతుందేమోనని. "మన ఉద్దానంలో లేవేటి ఎలుగులు? జీడితోటల్లోకి రావేటి?" అని చెయ్యూపుతూ ముందు నడిచింది. శ్రీకాకుళం జిల్లా మనిషిని ఎలుగుబంటి పేరు చెప్పి ఆపలేం. దారిలో ఎండిపోయి బూడిదరంగుకి తిరిగిన పెద్ద పెద్ద చెట్లు కనిపించాయి. హెమ్‌లాక్‌లు. దూదిలా తెల్లగా అంటుకునే ఒక చిన్న పురుగు వాటిని కొండలకి కొండలే చంపేసింది. మిగతా అడవి మాత్రం అప్పుడే చిగురేస్తోంది.

నడుస్తూ అమ్మకి కథ చెప్పాను. ఆ ముందు రాత్రి కూర్చుని చదువుకున్నాను, పరీక్షకి చదివినట్టు.

జాన్ వాకర్ అని ఒకాయన. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడి వచ్చి, 1866లో మార్గరెట్ జేన్ కింగ్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. 1840ల నాటి ఆ ఇల్లు అమ్మాయి వాళ్ల నాన్నది. "ఇల్లరికమా?" అంది అమ్మ వెంటనే. ఒక రకంగా అంతే మరి. అత్తవారి ఇంటికి వచ్చి, వంటగది కలిపి, వసారా దింపి, చుట్టూ పళ్లచెట్లు పెంచాడు. గుబురు గడ్డం వల్ల ఊళ్లో ఆయన్ని 'వెంట్రుకల జాన్' అనేవారట. పదకొండు మంది పిల్లలు, ఏడుగురు ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు. ఆ రోజుల్లో, ఆ కొండల్లో, పదకొండు మందీ బతికి పెద్దవాళ్లయ్యారు. బడి పక్కన ఆ చిన్న రాళ్లు చూసి వచ్చినవాళ్లకి ఈ మాట ఎంత పెద్దదో తెలుస్తుంది. తల్లి నాటువైద్యం తెలిసిన మనిషి, ఊళ్లో పురుళ్లు పోసేది. ఆకులూ వేళ్లూ ఏది దేనికి పనికొస్తుందో కూతుళ్లకీ నేర్పింది.

మగపిల్లలు పెళ్లిళ్లు చేసుకుని తలో దిక్కూ వెళ్లిపోయారు. ఆడపిల్లల్లో కేరలిన్ ఒక్కతే పెళ్లి చేసుకుంది. మిగతా ఆరుగురూ చేసుకోలేదు. ఇద్దరికి సంబంధాలు కుదిరాయని, పెళ్లిదాకా రాకుండానే ఆ అబ్బాయిలు చనిపోయారని చెబుతారు. తల్లి 1909లో పోయింది, తండ్రి 1921లో. భూమి ఆడపిల్లలకీ, ఒక కొడుక్కీ రాసి పోయాడు. ఆ కొడుకు తన వాటా కూడా అప్పచెల్లెళ్లకే ఇచ్చేశాడు.

అమ్మ అక్కడ ఆగింది. నిజంగానే నడక ఆపేసింది.

"ఇచ్చీసేడా?"

"ఇచ్చేశాడు."

"ఈ మాట మీ మామయ్యకి ఫోన్ చేసి చెప్పు."

మళ్లీ నడవడం మొదలుపెట్టింది. మా తాతగారి చెరువుగట్టు పొలం గొడవ ఇక్కడ రాయను, అది వేరే పురాణం.

1931లో నాన్సీ పోయాక ఐదుగురు మిగిలారు. మార్గరెట్, పాలీ, మార్తా, లూయిసా, హెట్టీ. ఆ ఐదుగురే నూట ఇరవై రెండెకరాల్లో దున్నుకుని, విత్తుకుని, గొర్రెల్ని పెంచి, ఉన్ని తీసి, పత్తి వేసి, వడికి, నేసుకుని బతికారు. చక్కెర, వంటసోడా, కాఫీ, ఉప్పు, ఈ నాలుగూ తప్ప మా నేల మాకు అన్నీ ఇస్తుందని చెప్పేవారట.

పత్తి అనగానే అమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. అమ్మ పుట్టిల్లు పొందూరు దగ్గర. అమ్మమ్మ సన్నఖద్దరుకి నూలు వడికేది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం, చెక్కపలక మీద ఇనపకడ్డీ దొర్లించి గింజ తీయడం, ఏకులు చుట్టడం, రాట్నం ముందు కూర్చోవడం, ఇదీ ఆవిడ దినచర్య. అందుకని అమ్మ వేసిన ప్రశ్న నేను చదివి వచ్చిన వాటన్నిటికంటే సూటిగా ఉంది. "గింజ ఎలగ తీసీవారట?"

జాన్ వాకర్ కూతుళ్ల కోసం చేత్తో తిప్పే చిన్న చెక్కయంత్రం ఒకటి చేసిపెట్టాడని చెప్పాను. నూలు వడికే సామానూ నేత మగ్గమూ అన్నీ ఇంట్లోనే ఉండేవని కూడా. "అయితే బాగా చూసుకున్నాడు" అంది. అల్లుళ్లు రాలేదు గాని మగ్గం వచ్చింది అన్నట్టు తల ఊపింది.

ఇల్లు ఒక్కసారిగా కనిపిస్తుంది. దారి మలుపు తిరగ్గానే చెట్లు పక్కకి తప్పుకుంటాయి, కాస్త ఖాళీ, అందులో నల్లబడ్డ దుంగల ఇల్లు. దుంగల సందుల్లో మట్టి కూరారు. ఒక పక్క రాతి చిమ్నీ, ముందు వసారా, పైన చెక్క పెంకులు. చెప్పుకోదగ్గ పెద్ద ఇల్లేమీ కాదు. మన పెంకుటింటి నడవా, గదీ కలిపితే అంత. ఇందులో పదమూడు మంది ఎలా పట్టారో అని నేను అనుకుంటుంటే అమ్మ చెప్పులు విప్పుతోంది.

లోపల ఏమీ లేదు. నిప్పు లేని పొయ్యి, పైన అటక, అంతే. మంచాలూ రాట్నాలూ పార్కువాళ్లు తీసి భద్రంగా వేరేచోట పెట్టారు. ఒకప్పుడు ఈ గోడలనిండా పాత పేపర్లూ పత్రికల కాగితాలూ అంటించి ఉండేవి, చలిగాలి దూరకుండా. దూలాలకి విత్తనాల మూటలు, ఎండబెట్టిన కూరలు, బుట్టలు, ఎక్కడ మేకు కనబడితే అక్కడ ఏదో ఒకటి వేలాడేది. ఆ ఫొటోలు చూసి వచ్చిన నాకు ఖాళీ గది చూస్తే పెళ్లైపోయాక పందిరి చూసినట్టు అనిపించింది. దుంగల మీద వచ్చినవాళ్లందరూ పేర్లు చెక్కారు. గుండె బొమ్మలు, బాణాలు, సంవత్సరాలు. మనవాళ్లు కోటల మీద రాస్తారని తెగ తిట్టుకుంటాం గాని, ఈ జబ్బుకి దేశం లేదు.

అమ్మ పొయ్యి ముందు కాసేపు నిలబడింది. తర్వాత బయటికొచ్చి, చెప్పులేసుకుని, పక్కనున్న చిన్న కొట్టు దగ్గరికి వెళ్లింది. ఊట నీటి మీద కట్టిన కొట్టు అది. చల్లటి నీళ్లు కిందనుంచి పారుతుంటే అందులో పాలకుండలు, వెన్న పెట్టుకునేవారు. "మంచి ఫ్రిజ్జు, కరెంటు బిల్లు లేదు" అంది. మొక్కజొన్న నిలవచేసే కొట్టు కూడా ఒకటి మిగిలింది. మిగతా పాకలన్నీ పోయాయి.

వసారా మెట్టు మీద కూర్చుని పులిహోర తింటూ మిగతా కథ చెప్పాను. నిజానికి నేను చెప్పాలనుకున్నది ఈ రెండో సగమే.

అమెరికా పడమటి వైపు పెద్ద పార్కులు చాలావరకు ప్రభుత్వ భూముల్లోనే పెట్టారు. ఇక్కడ అలా కాదు. కొండలన్నీ కలప కంపెనీలవి, లేదా ఇలాంటి రైతు కుటుంబాలవి. టెనెసీ, నార్త్ కరోలినా రాష్ట్రాలు చందాలు పోగుచేసి, రాక్‌ఫెల్లర్ కుటుంబం ఇచ్చిన యాభై లక్షల డాలర్లు కలిపి, ముక్కముక్కగా కొన్నాయి. ఇవ్వనన్నవాళ్ల మీద కోర్టులో భూసేకరణ కేసులు. 1934లో గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్క్ ఏర్పడింది. 1940 సెప్టెంబరులో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ స్వయంగా వచ్చి అంకితం చేశాడు. వెయ్యికి పైగా కుటుంబాలు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లాయి. పార్కు వచ్చాకే ఆ కొండలు గొడ్డళ్ల నుంచి బతికాయి, అదీ నిజమే. ఈరోజు మనం చూసి మురిసిపోయే ఆ పచ్చదనంలో ఎన్నో పొయ్యిగోడలూ పెరటి పూలమొక్కలూ కలిసిపోయి ఉన్నాయి. అడవిలో నడుస్తుంటే హఠాత్తుగా ఒక వరసలో డాఫొడిల్ పూలు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు ఇల్లు ఉన్నట్టే అని పక్క సీటావిడ చెప్పింది. ఆ తర్వాత నాకు వసంతంలో ఆ కొండలు మామూలుగా కనిపించలేదు.

చుట్టుపక్కలవాళ్లు వెళ్లిపోతున్నా ఐదుగురూ కదల్లేదు. చివరికి 1941లో ఒప్పందం కుదిరింది. నూట ఇరవై రెండెకరాలకి 4,750 డాలర్లు. ఎకరానికి నలభై కూడా పడలేదు. కాకపోతే బతికున్నంతకాలం ఆ ఇంట్లోనే ఉండొచ్చు. అది వాళ్లు పట్టుబట్టి సాధించుకున్నది. ఇల్లు మిగిలింది గాని చుట్టూ ఉన్నది పార్కు కాబట్టి కట్టెలు కొట్టకూడదు, వేటాడకూడదు, చేపలు పట్టకూడదు, గొడ్లని మేపకూడదు. అన్నీ మా నేలే ఇస్తుంది అన్న మనుషులకి ఆ నేల తాళం వేసుకున్నట్టయింది.

మరి ఎలా బతికారు? ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. పార్కు చూడ్డానికి జనం వస్తారు కదా. వాళ్లు వీళ్లనీ చూడ్డానికి వచ్చారు. 1946 ఏప్రిల్‌లో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ అనే పెద్ద పత్రిక వీళ్ల మీద ఒక వ్యాసం వేసింది, స్మోకీల్లో కాలం ఆగిపోయింది అనే ధోరణిలో. ఇంకేముంది, దేశం నలుమూలల నుంచీ జనం. అప్పచెల్లెళ్లు విసుక్కోలేదు. రమ్మన్నారు, కూర్చోబెట్టి మాట్లాడారు. ఆపిల్ ముక్కలు పెట్టి వేయించిన కజ్జికాయల్లాంటివి, అల్లిన లేసు గుడ్డలు, పిల్లల బొమ్మలు అమ్మారు. లూయిసా కవితలు రాసేది. తన ఇంటి మీద, ఆ ఇల్లు తీసుకోవడానికి వచ్చిన పార్కు మనుషుల మీద కూడా. అవీ చేత్తో రాసి అమ్మేది. తన ఇల్లు పోయిన సంగతి రాసి, ఆ ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకే అమ్మడం! ఆ మనిషి అమాయకురాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాలం ఆగిపోయిందన్న మాట కూడా నాకు నచ్చదు. వాళ్లకి కాలం ఏమీ ఆగలేదు, రోజూ తెల్లారేసరికి పని ఉండేది. చూసేవాళ్ల కళ్లకే ఆగినట్టు కనిపించింది.

"మా అమ్మ దగ్గరికీ వొచ్చీవారు ఫొటోలోళ్లు" అంది అమ్మ. ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. "ఖాదీ చూడ్డానికి దొరలూ దొరసాన్లూ వొచ్చీవారు. అలగ తిప్పు, ఇలగ చూడు, మళ్లీ తిప్పు అనీవారు. పోగు తెగిపోయీది. ఒక్కడూ ఫొటో పంపలేదు గాని."

"అమ్మమ్మ ఏమనేది?"

"ఏటంటాది? నీళ్లిచ్చీది. వొచ్చినోళ్లు కదా."

నేను ఉత్తరం సంగతి చెప్పాను. మొదట పాలీ పోయింది, 1947లో హెట్టీ, 1951లో మార్తా. ఇద్దరే మిగిలారు. జనం మాత్రం తగ్గలేదు. ఏకులా వచ్చినవాళ్లు మేకులై కూర్చున్నారు. 1953లో ఆ ఇద్దరూ పార్కు పెద్దాఫీసరుకి ఉత్తరం రాశారు. హైవే మీద మా ఇంటికి దారి చూపిస్తూ పెట్టిన బోర్డు దయచేసి తీయించండి. మేం ఇద్దరమే ఉన్నాం, ఒకరికి డెబ్భై ఏళ్లు, ఇంకొకరికి ఎనభై రెండు. ఇంతమంది వస్తుంటే మా పనులు మేం చేసుకోలేకపోతున్నాం. ఇదీ సారాంశం. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఇల్లు అడిగినప్పుడు ఇచ్చాం, ఇప్పుడు ఆ బోర్డు మాత్రం తీయండి అన్నట్టు ఉంటుంది.

అమ్మ పులిహోరలో వేరుశెనగపప్పులు ఏరుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పెద్దప్ప ఎప్పుడు పోయింది?" అంది.

"1962లో. లూయిసా 1964లో."

"అంటే రెండేళ్లు ఒక్కతే."

"ఆ."

"ఈ అడవిలో."

ఎప్పుడో పుట్టిన ఇల్లు, పదకొండు మంది పిల్లలతో కిక్కిరిసిన ఇల్లు, చివరికి ఒక్క మనిషి, ఒక్క పొయ్యి. నాన్న పోయాక శ్రీకాకుళంలో మా ఇంట్లో అమ్మ కూడా ఒక్కతే ఉంటోంది. వచ్చి మాతో ఉండమ్మా అని నేను అప్పటికి నాలుగేళ్లుగా అడుగుతున్నాను. ఆ రోజు పొద్దున కారెక్కేముందు కూడా అడిగాను. వసారా మెట్టు మీద కూర్చున్నాక మళ్లీ అడగలేదు. తర్వాత కూడా ఇక పెద్దగా అడగలేదు.

ఫొటో తీస్తానంటే ఇంటి ముందు నిలబడలేదు. "ఎవరింటి ముందో నాకెందుకు ఫొటో" అంది. ఊట కొట్టు పక్కన నిలబడి ఒకటి తీయించుకుంది. అది కూడా "మీ పెద్దమ్మకి చూపించాలి, ఈ ఫ్రిజ్జు" అని.

2021లో చిమ్నీ, పొయ్యిగోడ కదిలాయని ఆ ఇంట్లోకి ఎవరినీ వెళ్లనివ్వడం లేదని వార్త చూశాను. అప్పటికి మేం టెక్సాస్ వచ్చేశాం. అమ్మకి ఫోన్‌లో చెబితే "మంచిదే, కొన్నాళ్లు ఊపిరి పీల్చుకుంటాది ఇల్లు" అంది.

ఆ రోజు తిరిగి వచ్చేసరికి బడి దగ్గర నాలుగైదు కార్లు ఎక్కువయ్యాయి. ఒక కుర్ర జంట, చంకలో బిడ్డ, నన్ను ఆపి ఏదో అడిగారు. సమాధానం చెప్పి పంపి, కారు తలుపు తీశాను.

"ఏటంట?" అంది అమ్మ.

"ఎంత దూరం, చూడ్డానికి బాగుంటుందా అని."

"ఏటన్నావ్?"

"ఒక మైలు, తప్పకుండా చూడండి అన్నాను."

అమ్మ సీటు బెల్టు పెట్టుకోవడం రాక కాసేపు దానితో కుస్తీ పట్టింది. నేను వంగి పెట్టాను. అప్పుడంది, "చెప్పులు బయట ఇడవమని కూడా చెప్పకపోయావా."